దీపంతో పాటు లెక్కల పుస్తకం

మే 12 వస్తోందంటే నర్సింగు స్కూళ్లలో హడావిడి మొదలవుతుంది. శ్రీకాకుళమైనా, విశాఖపట్నమైనా ఒకటే తంతు. తెల్లబట్టలు ఇస్త్రీ చేయించుకుని, చేతిలో ప్రమిదో కొవ్వొత్తో పట్టుకుని ఆడపిల్లలు బారులు తీరతారు. వేదిక మీద ఓ పటం ఉంటుంది. తలకు లేసు టోపీ, చేతిలో దీపం... ఫ్లోరెన్స్ నైటింగేల్! పటానికి దండ వేస్తారు, ప్రతిజ్ఞ చదువుతారు, ఫొటోలు దిగుతారు. (ఆ ప్రతిజ్ఞ ఆవిడే రాసిందని చాలామంది అనుకుంటారు. కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఒక నర్సింగు స్కూలు వారు రాసుకుని, గౌరవంగా ఆవిడ పేరు పెట్టుకున్నారు.)

దీపాల పండగ అయ్యాక అసలు చదువు మొదలవుతుంది. అందులో కొన్ని వారాలు ఆస్పత్రి వార్డులో కాదు, పల్లెల్లో గడపాలి. కమ్యూనిటీ హెల్త్ పోస్టింగు అంటారు. పలాస వైపో, టెక్కలి వైపో, ఇంకా లోపలికి వజ్రపుకొత్తూరు, కవిటి పల్లెలకో పంపిస్తారు. అక్కడ చేతిలో దీపం ఉండదు. భుజాన సంచి, చేతిలో కాగితాలు, నెత్తిన ఎండ. ఇంట్లో ఎంతమంది? తాగేనీళ్లు ఎక్కణ్నుంచి తెస్తారు? మరుగుదొడ్డి ఉందా? పిల్లలకి టీకాలు వేయించారా? బీపీ ఎప్పుడైనా చూపించుకున్నారా? ఇలా గడప గడపా ఎక్కి అడగాలి, రాసుకోవాలి, చెప్పాలి.

మా వీధిలో ఒకావిడ కూతుర్ని నర్సింగులో చేర్పించింది. పిల్ల సెలవులకి వచ్చి ఈ సంగతులు చెబితే తల్లికి నచ్చలేదు. డబ్బు కట్టి నర్సు చదువుకి పంపిస్తే జనాభా లెక్కలవాళ్లలాగా ఊళ్లమ్మట తిప్పుతున్నారేమిటని నా దగ్గర వాపోయింది. ఇంజెక్షను చెయ్యడం, సెలైను ఎక్కించడం నేర్పితే కదా రేపు ఉద్యోగం వచ్చేది అని ఆవిడ బాధ. ఆ బాధలో తప్పేమీ లేదు. అయితే ఒక్క మాట. ఆ పటంలో ఉన్న మహాతల్లి దీపం పట్టుకుని వార్డుల్లో తిరిగింది రెండేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు ఆవిడ చేసిందల్లా ఈ పనే! లెక్కలు అడగడం, నీళ్ల గురించి అడగడం, మురుగు గురించి అడగడం. అందులో పెద్ద వాటా మన దేశానిది. అదీ ఈ గడ్డమీద కాలు పెట్టకుండానే.

ఆ కథే చెబుదామని...

పెద్దింటి పిల్ల

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా ఉన్నవాళ్లు. రెండు పెద్ద బంగళాలు, పరివారం, విందులు, వినోదాలు. ఇద్దరే ఆడపిల్లలు. తండ్రి విలియం నైటింగేల్ కూతుళ్లకి తనే చదువు చెప్పాడు. లాటిను, గ్రీకు, చరిత్ర నేర్పాడు. ఫ్లోరెన్సుకి మాత్రం లెక్కలంటే ప్రాణం. ఆడపిల్లకి లెక్కలెందుకని తల్లి గొడవ. ఎక్కడైనా తల్లులు తల్లులే అనిపిస్తుంది నాకు.

దేవుడు తనని ఏదో సేవకి పిలిచాడని పదహారేళ్లప్పుడు ఆ పిల్లకి గట్టిగా అనిపించింది. అది రోగుల సేవ అని తేల్చుకునేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. నర్సునవుతానని నోరు విప్పి చెప్పేసరికి ఇల్లు అట్టుడికిపోయింది. ఆ రోజుల్లో నర్సంటే గతిలేనివాళ్లు చేసే పని. తాగుడు, నీతిమాలినతనం అంటూ లోకం చెడ్డపేరు కట్టబెట్టిన వృత్తి. అలాంటి పనికి మంచి కుటుంబంలోంచి పిల్లని ఎవరు పంపిస్తారు? తల్లి ఏడ్చింది. అక్క మంచం పట్టింది. చదువూ సంస్కారం ఉన్న ఓ పెద్దమనిషి ఏళ్ల తరబడి పెళ్లికి అడుగుతూ వచ్చాడు. అతనంటే ఆమెకి ఇష్టమే. అయినా 1849లో కాదనేసింది. గృహిణిగా ఉండి చేయగలిగినవి బోలెడున్నాయని నమ్మే నాలాంటిదానికి ఆ నిర్ణయం మొదట్లో కొరుకుడు పడలేదు. కానీ ఆవిడ కాలంలో పెళ్లయిన ఆడదానికి ఇంటి గడప దాటి ఉద్యోగం అన్నది దాదాపు లేదు. అది తెలిశాక అర్థమయింది.

చివరికి ముప్పై ఒకటో ఏట, 1851లో, జర్మనీలో రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే చోట మూడు నెలలు శిక్షణ తీసుకోగలిగింది. 1853లో లండనులో ఒక చిన్న ఆస్పత్రికి పర్యవేక్షకురాలయింది. తండ్రి మెత్తబడి ఏడాదికి 500 పౌన్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు.

దీపం తిరిగింది, చావులు ఆగలేదు

1854లో క్రిమియా యుద్ధం వచ్చింది. గాయపడిన ఇంగ్లీషు సైనికుల్ని ఓడల్లో ఇస్తాంబుల్ ఎదురుగా ఉన్న స్కుటారికి తీసుకొచ్చి, ఓ పెద్ద బారకాసులో పడుకోబెట్టేవారు. అక్కడి దుస్థితి పత్రికల్లో రాగానే దేశం గగ్గోలు పెట్టింది. మంత్రి సిడ్నీ హెర్బర్టు ఆమెకి స్నేహితుడు. 38 మంది నర్సుల్ని వెంటబెట్టుకుని ఆ ఏడాది నవంబరు 4న ఆమె స్కుటారి చేరింది.

పక్కలు లేవు. దుప్పట్లు లేవు. ఎలుకలు, పేలు. ఆవిడ వంటశాల పెట్టించింది, బట్టలు ఉతికించింది, సామాన్లు తెప్పించింది. రాత్రిళ్లు మైళ్ల పొడవున్న ఆ వరండాల్లో దీపం పట్టుకుని తిరిగింది. మనకి తెలిసిన కథ ఇంతవరకే. పాఠ్యపుస్తకాల్లో కూడా ఇక్కడితో ఆపేస్తారు.

ఆపకూడని చోటు ఇదే. ఆమె వెళ్లాక కూడా ఆ చలికాలమంతా చావులు పెరిగాయి తప్ప తగ్గలేదు! 1855 ఫిబ్రవరిలో ఆస్పత్రిలో చేరినవాళ్లలో నూటికి 42 మంది చనిపోయారు. గాయాలతో కాదు. విరేచనాలు, కలరా, విషజ్వరాలతో. ఆ భవనం అడుగున మురుగు కాలవలు పూడిపోయి ఉన్నాయి. నీళ్లు వచ్చే దారిలో జంతువుల కళేబరాలున్నాయి. మార్చిలో ఇంగ్లండు నుంచి పారిశుధ్య సంఘం ఒకటి వచ్చి కాలవలు తవ్వించి, కళేబరాలు తీయించి, గోడలకు సున్నం కొట్టించి, కిటికీలు తెరిపించింది. జూను నాటికి నూటికి 42 కాస్తా రెండుకి దిగింది.

1856లో ఇంటికి తిరిగొచ్చాక విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కలిసి ఆమె ఈ అంకెలన్నీ ముందేసుకు కూర్చుంది. దేశమంతా తన దీపాన్ని పొగుడుతోంది. అంకెలేమో వేరే కథ చెబుతున్నాయి. ఇంకొకరైతే కాగితాలు పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. ఆమె మాత్రం అచ్చు వేయించి మంత్రులకి పంచింది. అంకెలు చదివే ఓపిక మంత్రులకి ఉండదని గ్రహించి రంగుల బొమ్మలు గీయించింది. గుండ్రంగా, పువ్వు రేకుల్లా విప్పారిన ఆ బొమ్మలో ఒక్కో రేకు ఒక్కో నెల. గాయాలతో పోయినవాళ్లకో రంగు, తప్పించగలిగిన జబ్బులతో పోయినవాళ్లకో రంగు. చూడగానే ఎవరికైనా అర్థమవుతుంది. 1858లో లండను గణాంక సంఘం ఆమెని సభ్యురాలిగా తీసుకుంది. ఆ సంఘంలో మొదటి ఆడమనిషి ఆవిడే.

ప్రజలు చందాలు వేసుకుని ఇచ్చిన సొమ్ముతో 1860లో లండను సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సింగు స్కూలు పెట్టించింది. అప్పటికే నర్సింగు గురించి చిన్న పుస్తకం రాసింది. ఆస్పత్రి నర్సుల కోసం కాదది, ఇళ్లలో ఉండే ఆడవాళ్ల కోసం. ఎందుకంటే ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో రోగిని చూసుకోని ఆడది ఉండదు కదా! అందులో గది గాలి, వెలుతురు, పరుపు, పథ్యం, రోగి దగ్గర గుసగుసలు చేసే హాని, అన్నీ ఉన్నాయి. ఇల్లు ఆరోగ్యంగా ఉండాలంటే మంచి గాలి, మంచి నీళ్లు, మురుగు పోయే దారి, శుభ్రం, వెలుతురు కావాలని లెక్క చెప్పింది. 1861లో పేదల కోసం చవక ప్రతి వేయిస్తూ, చంటిపిల్లల్ని ఆడించే అక్కలకోసం ఓ అధ్యాయం కలిపింది. తల్లి పనికిపోతే చంటివాణ్ని చంకనేసుకునే పిల్ల ఎనిమిదేళ్లదో పదేళ్లదో అయి ఉంటుందని ఆవిడకి తెలుసు. జీడిపిక్కలు కొట్టడానికి వెళ్లే తల్లుల పిల్లల్ని పలాస-కాశీబుగ్గలో చూసినవాళ్లకి ఆ అధ్యాయం విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

మన నీళ్ల మీద ఆవిడ కన్ను

క్రిమియాలో తగులుకున్న జ్వరం ఆమెని జీవితాంతం వదల్లేదు. ఏళ్లకేళ్లు మంచం మీదే గడిచిపోయాయి. అయినా 1859లో ఇండియాలోని సైన్యం ఆరోగ్యంపై ప్రభుత్వం కమిషను వేస్తే, ఆ కమిషను వెనక మెదడు ఈవిడే. ఇక్కడి సైనిక స్థావరాలన్నింటికీ ప్రశ్నల పట్టికలు పంపించింది. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి? ఎవరు మోస్తారు? మురుగు ఎటుపోతుంది? జవాబులు కట్టలు కట్టలుగా లండను చేరాయి. తెల్ల సైనికులు ఇండియాలో ఏడాదికి వెయ్యికి 69 మంది చచ్చిపోతున్నారని తేలింది. 1863లో నివేదిక వచ్చింది. మురికి చెరువులూ, తోలు తిత్తుల్లో నీళ్లు మోసే భిస్తీలూ బొమ్మలతో సహా అందులోకి ఎక్కారు. పదేళ్ల తర్వాత ఆ 69 కాస్తా 18కి తగ్గిందని ఆమె లెక్క తీసి చూపించింది.

సైనికుల దగ్గర ఆగిపోయి ఉంటే ఆవిడ గురించి మనం ఇంత చెప్పుకోనక్కర్లేదు. బారకాసుల గోడ బయట ఉన్న పల్లె మాటేమిటని అడిగింది చూడండి, అదీ గొప్ప. అప్పుడు మన ప్రాంతం మద్రాసు రాజధానిలో, గంజాం జిల్లాలో ఉండేది. 1866లో ఒరిస్సానీ, గంజాంనీ కరువు ఊడ్చేసింది. 1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్లలో దక్షిణాదిలో యాభై లక్షలకు పైగా పోయారని అంచనా. ఈ రోజుల్లోనే ఆవిడకి మన కాటన్ దొరతో ఉత్తరాలు నడిచాయి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌తో! రైళ్లకంటే ముందు కాలవలు తవ్వాలని కాటన్ వాదన. అంకెలు తీసి, పత్రికల్లో రాసి, వైస్రాయిలకి జాబులు పంపి ఆ వాదనని ఆవిడ భుజాన వేసుకుంది. అన్నం లేని మనిషికి ఆరోగ్యం ఎక్కడిది, నీళ్లు లేని పొలానికి అన్నం ఎక్కడిది అన్నది ఆవిడ దారి. అక్కడ ఆగకుండా రైతు అప్పులూ, జమీందారీ పద్ధతీ కూడా తవ్వింది. జమీందారు, సూర్యుడు, మొక్కలకి నీళ్లు పోసే డబ్బా, ఈ మూడూ కలిపి పేరు పెట్టి ఓ పుస్తకమే రాసింది. టెక్కలి, మందస జమీందారీల కింద బతికిన మన తాతముత్తాతలకి ఆ పేరు భలే నచ్చేది. కానీ ఆ పుస్తకం ఆవిడ బతికుండగా బయటికి రాలేదు. ప్రభుత్వం ఆవిడ మాట విన్నదీ తక్కువే.

ఇండియా ఆస్పత్రులకు శిక్షణ పొందిన నర్సులు కావాలని 1865లోనే పథకం రాసి ఇస్తే ఖర్చెక్కువని పక్కన పెట్టేశారు. సైనిక ఆస్పత్రులకు నర్సులు రావడానికి 1888 దాకా ఆగాల్సి వచ్చింది.

పల్లె తల్లులకు పాఠం

మా వీధి ఆవిడ అడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఆవిడ డెబ్బయి రెండో ఏట ఉంది. 1892లో ఇంగ్లండులోని బకింగ్‌హాంషైర్ అనే జిల్లాలో ఆమె ఒక కొత్త ప్రయత్నం చేయించింది. రోగులకి సేవ చేసే నర్సు వేరు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఆరోగ్యం నేర్పే నర్సు వేరు, రెండో పనికి వేరే శిక్షణ కావాలి అన్నది ఆమె ఆలోచన. జిల్లా ఆరోగ్యాధికారి ఒకాయన పాఠాలు చెప్పాడు. ఆయన ఇంటిపేరు డెయాత్. ఇంగ్లీషులో రాస్తే చావు అన్న మాటే! ఆరోగ్యం నేర్పే డాక్టరుకి అదేం పేరో పాపం. పాఠం అయ్యాక ఆయన ఆ స్త్రీలని వెంటబెట్టుకుని పల్లె ఇళ్లకి తీసుకెళ్లేవాడు. నుయ్యి ఎక్కడుంది, చెత్త ఎక్కడ పోస్తున్నారు, పసివాడికి పాలు ఎలా పడుతున్నారు అన్నీ చూపించేవాడు. తర్వాత పరీక్ష. నెగ్గినవాళ్లు ఊళ్లలో తల్లులకి పాఠాలు చెప్పి, ఇంటికి వెళ్లి కలిసేవారు.

ఆ పని చేసేవాళ్లకి ఆమె పెట్టిన షరతులు నాకు ఎంతో నచ్చాయి. తనిఖీ అధికారిలా వెళ్లకూడదు. ఇల్లాలు రమ్మంటేనే లోపలికి వెళ్లాలి. ఆ ఊరివాళ్లెలా బతుకుతున్నారో, నీళ్లు మోయడానికి ఎంత దూరం పోతున్నారో తెలియకుండా శుభ్రం గురించి ఉపన్యాసం ఇవ్వకూడదు. పాఠం చెప్పి చేతులు దులుపుకోకుండా, ఇంట్లో ఎలా చేయాలో చేసి చూపించాలి. అలాంటి బోధకుల్నే ఇండియా పల్లెలకీ పంపాలని, మురికి నీళ్లలో ఉండే పురుగుల్ని లాంతరు బొమ్మల్లో గోడమీద చూపించాలని ఆవిడ సలహా. మన సబ్‌సెంటరు నర్సమ్మ చేసే పనికి, పిల్లల పోస్టింగుకి విత్తనం అక్కడుంది.

ఆవిడ అన్నీ సరిగ్గానే అనుకుందని కాదు. జబ్బు చెడ్డగాలి వల్ల వస్తుందని చాలా ఏళ్లు నమ్మింది. క్రిముల సంగతి శాస్త్రవేత్తలు చెబుతుంటే మొండిగా కాదంది. నర్సులకు ప్రభుత్వ రిజిస్ట్రేషను కావాలని తోటి నర్సులు పోరాడితే అడ్డుపడింది. ఆ విషయంలో నా ఓటు మాత్రం ఆ నర్సులకే. అయితే ఒక సంగతి గమనించండి. కలరాకి కారణం తప్పుగా అనుకున్నా, మురుగు తీయించినందుకు ప్రాణాలు నిలబడ్డాయి. అసలు కారణం తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు.

ఈ మాట ఉద్దానం వాళ్లకి చాలా దగ్గరిది. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో పరిశోధకులు ఏళ్ల తరబడి వెతుకుతున్నారు. నీళ్లన్నారు, ఎండలో కాయకష్టమన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి బిళ్లలన్నారు. ఇదీ అని తేలలేదు. అక్షరం రాని ముసలమ్మలు కూడా క్రియాటిన్ ఎంతుందో చెప్పేస్తారు. ఈ జబ్బు ముందుగా చప్పుడు చెయ్యదు. కాళ్లు వాచి, ఆయాసం వచ్చి ఆస్పత్రికి వెళ్లేసరికి కిడ్నీలు చాలావరకు పాడయిపోయి ఉంటాయి. ఇక డయాలసిస్. వారానికి రెండు మూడుసార్లు. కూలి పోతుంది, తోడు వెళ్లే భార్య కూలీ పోతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. ఉద్దానం ఊళ్లకి హిరమండలం నుంచి గొట్టాల ద్వారా నీళ్లిచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ అప్పుడే మొదలయింది. మంచిదే. కానీ ఏ నొప్పీ లేకుండా తోటలో పని చేసుకుంటున్న మనిషిని ఆస్పత్రి వెతుక్కుంటూ రాదు. ఆ గడప ఎక్కేది సంచి భుజాన వేసుకున్న నర్సమ్మ, ఆవిడ వెనక నడిచే విద్యార్థిని. బీపీ, సుగరు చూసి, పరీక్ష చేయించుకోమని చెప్పేది వాళ్లు. ఒళ్లు నొప్పులని షాపులో బిళ్లలు కొనుక్కుని రోజూ మింగొద్దని చెప్పేదీ వాళ్లే. ఏ ఊళ్లో, ఏ వీధిలో, ఏ వయసువాళ్లకి జబ్బు వచ్చిందో వాళ్లు సరిగ్గా రాస్తే రేపు కారణం వెతికేవాళ్లకి అది ఆధారం. ఎండలో విసుగొచ్చి ఓ ఇల్లు వదిలేసి అంకె వేసేస్తే, ఆ ఇంటి మనిషి లెక్కలోంచే పోతాడు. ఇంజెక్షను తప్పుగా చేస్తే వెంటనే తెలుస్తుంది, ఇది తెలియను కూడా తెలియదు. ఈ సంగతంతా చెబితే మా వీధి ఆవిడ ఒప్పుకోలేదు గానీ, నీ ఉద్దేశంలో ఏ నెలలో పోస్టింగు వేస్తే ఎండ తక్కువుంటుందని అడిగింది!

చివరి పదేళ్లలో ఫ్లోరెన్సుకి చూపు పోయింది, జ్ఞాపకం మసకబారింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే బిరుదు ఇచ్చారు. ఆ గౌరవం అందుకున్న మొదటి స్త్రీ ఆమే. అప్పటికి ఇంటికి తెచ్చిచ్చిన ఆ పతకం ఏమిటో ఆమెకి సరిగ్గా తెలిసిందో లేదో. 1910 ఆగస్టు 13న లండనులోని తన ఇంట్లో, నిద్రలోనే కన్నుమూసింది. తొంభై ఏళ్లు. శరీరాన్ని డాక్టర్ల చదువుకి ఇవ్వమని వీలునామాలో రాసింది గానీ అది జరగలేదు. రాజుల్ని, కవుల్ని పాతిపెట్టే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో చోటిస్తామంటే బంధువులు వద్దన్నారు. హాంప్‌షైర్‌లో సొంత ఊరి దగ్గర, ఈస్ట్ వెల్లో అనే పల్లెలో తల్లిదండ్రుల పక్కనే ఖననం చేశారు. రాయి మీద ఆమె పేరు కూడా పూర్తిగా లేదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన ఏడు 1820, పోయిన ఏడు 1910.